బల్ల మీద సెయింట్ జాన్స్, 1967: ఒక దీవి రైలు మోడల్ డైరీ

జనవరి: ఏ ఊరు, ఏ ఏడు

కొత్త బోర్డుకి విషయం ఖాయమైంది. ఐల్ ఆఫ్ మ్యాన్ రైల్వేలోని సెయింట్ జాన్స్ జంక్షన్, 1967 వేసవి. స్కేలు అడుగుకి 4 మిల్లీమీటర్లు, అంటే 1:76. బోర్డు రెండు ముక్కలు. కలిపితే ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ఇంగ్లండులో మా స్టాక్‌పోర్ట్ ఇంట్లో చిన్న గదిలో అంతకంటే చోటు లేదు, అంతకంటే పర్మిషనూ లేదు.

ఐల్ ఆఫ్ మ్యాన్ అంటే ఇంగ్లండుకీ ఐర్లండుకీ మధ్య సముద్రంలో ఉన్న దీవి. 572 చదరపు కిలోమీటర్లు. బ్రిటిష్ కిరీటం కిందే ఉన్నా యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు. టిన్‌వాల్డ్ అని సొంత పార్లమెంటు ఉంది. ఇంత చిన్న చోట ఒకప్పుడు 46 మైళ్ల ఆవిరి రైలు మార్గం ఉండేది. ఇప్పుడు మిగిలింది డగ్లస్ నుంచి దక్షిణాన పోర్ట్ ఎరిన్ దాకా పదిహేనున్నర మైళ్లు. అదీ చిన్నదేం కాదు. నా స్కేల్లో ఆ లైను మొత్తం వేయాలంటే దాదాపు 330 మీటర్లు కావాలి, మా వీధి చివర దాటిపోతుంది.

నాకు తెలిసిన మోడలర్లు ఆ మిగిలిన లైన్లోనే కాజిల్‌టౌనో పోర్ట్ ఎరినో ఎంచుకుంటారు. నాకు అటు మనసు పోలేదు. టికెట్ కొనుక్కుని ఎక్కి చూడగలిగిన దాన్ని మళ్లీ బల్ల మీద చేయడమెందుకు? సెయింట్ జాన్స్ స్టేషన్ ఉన్నచోట ఇప్పుడు కార్లు పార్క్ చేస్తున్నారు. డగ్లస్ నుంచి వచ్చిన లైను అక్కడే పడమరగా పీల్‌కీ, ఉత్తరానికి రామ్‌సేకీ, దక్షిణాన ఫాక్స్‌డేల్ సీసం గనులకీ చీలేది. చేస్తే అదే చేయాలి.

ఊరు తేలినంత తేలిగ్గా ఏడాది తేలలేదు. ఈ రైల్వేలో ఏ వస్తువూ ఒక్క ఏడాదికి చెందింది కాదు. పెట్టె ఒక కాలానిది, దాని కింద ఫ్రేము ఇంకో కాలానిది. ఒక ఇంజన్ బాయిలర్ ఇంకో ఇంజన్‌లోకి పోతుంది. నం. 1 సదర్లాండ్ రైల్వే 125 ఏళ్ల పండక్కి 1998లో మళ్లీ ఆవిరి పట్టుకుని బయటికొస్తే, దాని కడుపులో ఉన్నది నం. 8 ఫెనెల్లా బాయిలర్. తేదీ లేని ఫోటో ముందు పెట్టుకుని ఇక్కడ ఏదీ చేయలేం.

నా దగ్గర మూడు ఆప్షన్లు ఉన్నాయి. ఒకటి 1913. ఆ ఏడాది దీవికి ఆరు లక్షలకు పైగా జనం సెలవులు గడపడానికి వచ్చారు, రైళ్లు కిటకిటలాడాయి. రెండోది 1926, ఆఖరి కొత్త ఇంజన్ మానిన్ వచ్చిన ఏడు. మూడోది 1967. కంపెనీ 1965 సీజన్ తర్వాత బండ్లు ఆపేసింది, 1966 అంతా ఒక్క రైలూ నడవలేదు. అప్పుడు మార్క్విస్ ఆఫ్ ఐల్సా అనే స్కాట్లండ్ జమీందారు 21 ఏళ్లకు లీజు తీసుకుని 1967 జూన్ 3న మళ్లీ తెరిచాడు. మూడు లైన్ల మీదా రైళ్లు నడిచాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో పీల్, రామ్‌సే లైన్లు మూతపడ్డాయి, మళ్లీ తెరవలేదు. అంటే సెయింట్ జాన్స్ జనానికి ఐల్సా మార్కు ఆకుపచ్చ ఇంజన్లు కనిపించింది రెండే సీజన్లు. డబ్బులేని పాత కంపెనీ సామానూ కొత్తాయన వేయించిన పెయింటూ కలిసి కనిపించే కాలం అదొక్కటే. అందుకే 1967.

ఫిబ్రవరి: పట్టాలు

అసలు రైల్వే గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, మూడడుగులు. నా స్కేల్లో సరిగ్గా 12 మిల్లీమీటర్లు. ఇదొక అదృష్టం. ఇంగ్లండు పెద్ద లైన్లను ఈ స్కేల్లో చేసేవాళ్లకి గేజు తేడా వస్తుంది, 16.5 మి.మీ. పట్టాల మీద సన్నబడ్డ రైలుతో సర్దుకుపోతారు. నాకు ఆ బాధ లేదు. మీటర్ గేజు మోడళ్ల కోసం అమ్మే 12 మి.మీ. ట్రాక్ తెచ్చి, స్లీపర్లు విడదీసి దూరం దూరంగా జరిపాను. పాయింట్లు (ఒక పట్టా నుంచి ఇంకోదానికి బండిని మళ్లించేవి) మాత్రం రాగిపూత పీసీబీ స్లీపర్ల మీద సోల్డర్ చేసుకున్నాను. మొదటి పాయింటుకి ఓపిక పోయింది, తర్వాతవి చకచకా అయ్యాయి.

మూడడుగుల గేజు ఎందుకంటే ఖర్చు తగ్గుతుందని. కంపెనీ 1870లో పెట్టారు గానీ దీవిలో డబ్బు పోగవలేదు. ఇంగ్లండు నుంచి డ్యూక్ ఆఫ్ సదర్లాండ్, సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లు వేయించిన జాన్ పెండర్ లాంటి వాళ్లు చేయి వేశాకే పని కదిలింది. మొదటి ఇంజన్లకు వీళ్ల పేర్లే పెట్టారు. 1873 జూలై 1న డగ్లస్ - పీల్, 1874 ఆగస్టు 1న డగ్లస్ - పోర్ట్ ఎరిన్ తెరిచారు. రామ్‌సే లైను మాత్రం ఖర్చు భయంతో పక్కన పెట్టేశారు. రామ్‌సే వాళ్లకి ఒళ్లు మండి మ్యాంక్స్ (అంటే ఐల్ ఆఫ్ మ్యాన్‌కి చెందిన) నార్తర్న్ అని సొంత కంపెనీ పెట్టుకుని, 1879లో సెయింట్ జాన్స్ దాకా తామే లైను వేసుకున్నారు. 1886లో ఫాక్స్‌డేల్ గనుల లైను కూడా నెత్తికెత్తుకుని అందులో బాగా నష్టపోయారు. చివరికి 1905 నాటికి పెద్ద కంపెనీయే వీళ్లని కలిపేసుకుంది. ఇంత చిన్న ఊళ్లో జంక్షన్ అంత మెలికలుగా ఎందుకుందంటే ఇదీ కథ. ఒక ప్లాను ప్రకారం కట్టింది కాదది, ఇద్దరు పోటీదార్లు పక్కపక్కన కట్టుకున్నది.

బాలాస్ట్ (పట్టాల కింద కంకర) వేయడం తక్కువ, గడ్డి వేయడం ఎక్కువ. అరవైల ఫోటోల్లో పట్టాల మధ్య గడ్డి బాగా పెరిగి ఉంటుంది. 2 మి.మీ. స్టాటిక్ గ్రాస్ అనే కృత్రిమ గడ్డి చల్లి, బండి చక్రాల అంచు తగిలేచోట మళ్లీ టూత్ బ్రష్‌తో గీకేశాను. లేకపోతే కరెంటు అందక ఇంజన్ ఆగిపోతుంది.

ఈ పట్టాల గురించి ఇంకో మాట. ఇప్పుడు నడుస్తున్న లైను కింద మురుగు పైపు ఉంది. 2000 ప్రాంతంలో దీవి మొత్తానికి డ్రైనేజీ స్కీము వేస్తూ పైపును రైలు దారి వెంటే పాతిపెట్టారు. ఆ తవ్వకంలో ట్రాక్ కొత్తగా వేయించుకునే అవకాశం రైల్వేకి దొరికింది. వారసత్వం, సంస్కృతి అని ఎన్ని మాటలు చెప్పినా, కొత్త పట్టాలు వచ్చింది డ్రైనేజీ పుణ్యాన.

మార్చి - ఏప్రిల్: నం. 12 హచిన్సన్

ఎక్కువ టైము తీసుకున్నది ఈ ఇంజనే.

ఐల్ ఆఫ్ మ్యాన్ రైల్వే ఇంజన్లకి 1 నుంచి 16 దాకా నంబర్లు. 15వది కాలెడోనియా గ్లాస్గోలో డూబ్స్ కంపెనీ చేసింది, రామ్‌సే వాళ్ల సొత్తు. మిగతా పదిహేనూ మాంచెస్టర్ గోర్టన్‌లోని బేయర్ పీకాక్ ఫ్యాక్టరీలో పుట్టినవే. 1873 నుంచి 1926 దాకా, 53 ఏళ్లపాటు, కాస్త బాయిలర్ లావు చేస్తూ దాదాపు ఒకే డిజైన్ కొనుక్కుంటూ పోయారు. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక నాలుగు పెద్ద చక్రాలు, ఏటవాలుగా బిగించిన సిలిండర్లు, ఇత్తడి డోము, రాగి మూతి చిమ్నీ. ఒక ఇంజన్ స్పేర్ ఇంకో దానికి పట్టేది. ఈ రైల్వే ఇంతకాలం బతికిందంటే నా లెక్కలో మొదటి కారణం ఇదే.

నాన్న వాల్తేరు లోకో షెడ్‌లో చేసి రిటైరయ్యారు. వీడియో కాల్‌లో హచిన్సన్ బొమ్మ చూపిస్తే, "ఇదేం ఇంజన్రా, మన షంటింగ్ ఇంజన్‌లో సగం లేదు" అన్నారు. బేయర్ పీకాక్ అనగానే మాత్రం మాట మారింది. "గారట్లు చేసినవాళ్లేగా? మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు." అవును, వాళ్లే. వాల్తేరు దాకా వచ్చిన బెంగాల్ నాగపూర్ రైల్వేకి రెండువందల టన్నులు దాటే ఎన్ క్లాసు గారట్ రకం ఇంజన్లు చేసి పంపింది ఈ గోర్టన్ ఫ్యాక్టరీయే. ఒకటి ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. ఇరవై టన్నుల మ్యాంక్స్ ఇంజన్లు దానికి మనవళ్లనుకుంటే పొరపాటు, వయసులో ఇవే తాతలు. ఆ ఫ్యాక్టరీ 1966లో మూతపడింది, దీవిలో ఒక్క రైలూ నడవని ఏడాదే.

కొలతలకి నాకు బాగా పనికొచ్చింది పెండర్. దాన్ని నిలువునా కోసి, బాయిలర్ గొట్టాలూ ఫైర్‌బాక్సూ కనిపించేలా మాంచెస్టర్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో పెట్టారు. కొన్నేళ్ల కిందట తీసుకున్న ఫోటోలు ఇప్పుడు అక్కరకొచ్చాయి.

ఛాసిస్: ఇత్తడి రేకు, మధ్యలో 10 మి.మీ. వెడల్పు మోటారు. పెద్ద చక్రం అసలు వ్యాసం 3 అడుగుల 9 అంగుళాలు, నాకు 15 మి.మీ. బాడీ రెజిన్ ప్రింట్. ముందు చక్రాల జత తేలికగా ఉండి వంపుల్లో పట్టా దిగిపోతుంటుంది, ఈ రకం మోడళ్లన్నిటికీ ఉన్న జబ్బే. 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగని స్ప్రింగులా వంచి పైనుంచి నొక్కేలా పెట్టాను. పక్క నీళ్ల ట్యాంకుల్లో సీసం రేకు కుక్కితే బరువు వెనక చక్రాల మీద పడి పట్టు దొరికింది. ఇప్పుడు మూడు బోగీలు లాగుతోంది.

ఇక క్యాబు, అంటే డ్రైవరు నిలబడే గది, దగ్గర అందరూ పొరబడే చోటు ఒకటుంది. హచిన్సన్ కలర్ ఫోటోలు వెతికితే నీలం రంగు ఇంజన్ చాలా వస్తుంది. అది 1981 తర్వాతది. ఆ రిపేరులో దీనికి చదరం క్యాబు తగిలించి నీలం వేశారు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పాత ఆకారానికి తెచ్చారు. 1967కి కావాల్సింది గుండ్రటి అంచుల పాత క్యాబు. నీలం బండి ముద్దుగానే ఉంటుంది గానీ నా బోర్డు మీద దానికి చోటు లేదు.

చిమ్నీ మీద ఇత్తడి అంకెలు ఈ ఇంజన్ల గుర్తు. నా స్కేల్లో "12" ఎత్తు రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. డెకాల్ అంటిస్తే బల్లపరుపుగా, స్టిక్కర్లాగే కనిపించింది. పలచటి ఇత్తడి రేకు మీద ఎచ్ చేయించిన అంకెలు తెప్పించి, ట్వీజర్ చివర్న చిటికెడు మైనం పెట్టి ఎత్తి, చిమ్నీ వంపుకి సరిపడేలా ఒక డ్రిల్ బిట్ చుట్టూ వంచి అంటించాను. "2" ఒకసారి ఎగిరి కార్పెట్‌లో పడింది. టార్చి నేలబారుగా పెడితే మెరిసి దొరికింది. దూరం నుంచి ఎవరికీ కనపడదు. దగ్గరగా చూస్తే మాత్రం వెలుగు దాని అంచున పట్టుకుంటుంది, నాకు అది చాలు.

మే: "పెయిర్స్" బోగీలు

ఈ రైల్వే మీద నాకు అసలు ఇష్టం కలిగించింది ఇంజన్లు కాదు, ఈ బోగీలు.

1873లో వచ్చినవి నాలుగు చక్రాల చిన్న పెట్టెలు, ఒక్కోదాంట్లో మూడు కంపార్ట్‌మెంట్లు. తర్వాత బోగీ క్యారేజీలు వచ్చాక ఇవి కుదుపులు ఎక్కువని జనం మొహం చాటేశారు. ఇంకెవరైనా అయితే పాతసామాన్లకి అమ్మేసేవాళ్లు. వీళ్లు 1909 నుంచి 1926 మధ్య కొత్త పొడవాటి ఫ్రేములు మాత్రం కొని, రెండేసి పాత పెట్టెల్ని చక్రాలు పీకేసి పక్కపక్కనే బిగించారు. ఆరు కంపార్ట్‌మెంట్ల బోగీ తయారు. పేరు కూడా సింపుల్‌గా "పెయిర్స్". వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వారసత్వ రైల్వే అనే మాట పుట్టకముందే అది అలా మిగిలింది, పారేసే స్తోమత లేక. ఐల్ ఆఫ్ మ్యాన్ రైల్వేని ఎవరో దూరదృష్టితో కాపాడారని ప్రచారం చేసే పుస్తకాలు నాకు నచ్చవు. పొదుపు కాపాడింది.

మోడల్‌లో దీన్ని చూపించడమెలా? రెండు పెట్టెల మధ్య సందు కనపడాలి. ఒకే ముక్కగా ప్రింట్ చేసి గీత గీస్తే చీటింగ్‌లా ఉంటుంది. అందుకే రెండు పెట్టెలూ విడివిడిగా ప్రింట్ చేసి, ఒకదాని కప్పు మరోదానికంటే వెంట్రుకవాసి వంగేలా అతికించాను. కప్పుకి టిష్యూ పేపరు, పలచగా పీవీఏ జిగురు. కింద ఫ్రేము నేరుగా, ఖచ్చితంగా. పైన ముసలితనం, కింద యవ్వనం.

కప్లింగు నార్వే రకం. మధ్యలో ఒకే బఫర్, దాని మీంచి పడే కొక్కెం. ఈ రకాన్ని చాపర్ అంటారు. స్కేలుకి చేస్తే అందంగా ఉంటుంది, పనిచేయదు. కాబట్టి చూపుకి చాపరు, లోపల 2 మి.మీ. అయస్కాంతం.

మే చివర: రంగు

ఇంజన్లు మొదట్లో ఆకుపచ్చ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇండియన్ రెడ్ వేశారు, గోధుమరంగు కలిసిన ఎరుపు. ఐల్సా వచ్చాక 1967లో లేత యాపిల్ ఆకుపచ్చ. బోగీలు మాత్రం ఎరుపు - క్రీమ్‌లోనే ఉన్నాయి. పాత కలర్ ఫిల్ములు పచ్చదనాన్ని ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి. మూడు డబ్బాలు కలిపి, ఎండలో ఒకటి, బల్బు కింద ఒకటి టెస్ట్ పట్టీలు వేశాను. కాస్త పసుపు ఎక్కువైనదే ఉంచాను. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది, కొంచెం లేతగా వేసుకోవడమే మంచిది.

జూన్: స్టేషను, బస్సు, ఆట

స్టేషన్ భవనం చిన్న చెక్క ఇల్లు. కాఫీ కలిపే పుల్లలు చీల్చి పలకలు చేశాను, ఒక సాయంత్రంలో అయిపోయింది. దాని గురించి ఇంకేం చెప్పడానికి లేదు.

స్టేషన్ రోడ్డు మీద ఎర్ర బస్సు ఒకటి పెట్టాను. అది అలంకారం కాదు. 1920ల చివర్లో బస్సులు రైలు జనాన్ని లాక్కుంటుంటే, రైల్వే కంపెనీ ఆ బస్సు కంపెనీల్నే కొనేసి 1930లో ఐల్ ఆఫ్ మ్యాన్ రోడ్ సర్వీసెస్ పెట్టింది. అప్పట్నుంచి రైలుకి పోటీ తన బస్సే. ఏ ఊరికి బస్సుంటే చాలు అన్న లెక్క వచ్చినప్పుడల్లా నష్టపోయింది రైలే. ఐర్లండులో మూతపడ్డ కౌంటీ డోనెగల్ రైల్వే నుంచి 1961లో రెండు సెకండ్ హ్యాండ్ డీజిల్ రైల్‌కార్లు కొన్నారు, శీతాకాలం ఖర్చు తగ్గించుకుందామని. వాటితో కూడా గట్టెక్కలేదు.

బోర్డు నడిపే విధానం సెయింట్ జాన్స్‌లో జరిగినదే. డగ్లస్ నుంచి ఒకే పొడవాటి బండి వస్తుంది. ఇక్కడ దాన్ని రెండుగా విడదీస్తారు. ముందు సగం ఒక ఊరికి, వెనక సగానికి ఇంకో ఇంజన్ తగిలించి మరో ఊరికి. పీల్ బండి, రామ్‌సే బండి ఒకేసారి బయల్దేరి కొంతదూరం పక్కపక్క పట్టాల మీద పోతాయి. డ్రైవర్లు పందెం వేసుకునేవారని చెప్పుకుంటారు. నేను రెండు కంట్రోలర్లు పెట్టి మా అబ్బాయికి ఒకటి ఇచ్చాను. వాడు రామ్‌సే తీసుకుంటాడు, కుదుపు లేకుండా స్టార్ట్ చేయడం ఇంకా రాలేదు.

ఆటలో పడి మర్చిపోకూడని రైళ్లు వేరే ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పీల్ పక్కన నాకలో అనే చోట శత్రు దేశాల పౌరుల్ని బంధించిన క్యాంపు ఉండేది. ఒక దశలో దాదాపు 23,000 మంది. దానికోసం పీల్ నుంచి ఒక లైను వేశారు, ఆ ఎక్కుడు మీద సామాను లాగింది కాలెడోనియా. రెండో యుద్ధంలో 1940లో జర్మన్, ఆస్ట్రియన్ ఆడవాళ్లని, వాళ్లలో నాజీల నుంచి పారిపోయి వచ్చిన యూదులు కూడా ఎందరో, పోర్ట్ ఎరిన్ వైపు క్యాంపుకి ఇదే చిన్న రైల్లో తీసుకెళ్లారు. సెలవుల పోస్టర్ల పక్కన ఇవీ ఈ రైల్వే చరిత్రే.

జూలై: ఇప్పుడున్న స్థితి

ఐల్సా అయిదేళ్ల తర్వాత వదులుకునే షరతు వాడుకుని 1972లో వెళ్లిపోయాడు. కంపెనీ సర్కారు సబ్సిడీతో పోర్ట్ ఎరిన్ లైను లాక్కొచ్చింది. 1975లో పోర్ట్ ఎరిన్ నుంచి కాజిల్‌టౌన్ దాకా మాత్రమే నడిపారు. ఓడ దిగే డగ్లస్‌కి రాని రైలు ఎవరెక్కుతారు? 1976లో బల్లసల్లా దాకా పొడిగించి, 1977లో మళ్లీ డగ్లస్‌కి తెచ్చారు, 1978 సీజన్‌కి ప్రభుత్వమే కొనేసింది. పీల్, రామ్‌సే పట్టాలు అప్పటికే పీకేశారు. ఆ దారిలో జనం ఇప్పుడు నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. కిర్క్ మైకేల్ దగ్గర వంతెనల రాతి స్తంభాలు మిగిలాయి.

నా బోర్డులో మిగిలిన పని: రామ్‌సే వైపు పాయింటు మోటారు సగం దూరం వెళ్లి ఆగుతోంది, రాడ్డు పొడవు తగ్గించాలి. రెండో ఇంజన్ బాడీ ప్రింటయింది, ఛాసిస్ లేదు. దాన్ని కాలెడోనియాగా మారుద్దామా అన్న ఆలోచన ఉంది. ఆరు పెద్ద చక్రాలు కాబట్టి పట్టా దిగే గొడవ తప్పుతుంది. కానీ అది 1967 జూన్‌లో సెయింట్ జాన్స్‌లో నిలబడ్డ ఫోటో నాకు దొరకాలి. దొరక్కపోతే హచిన్సన్‌కే ఇంకో నంబరు తమ్ముణ్ణి చేస్తాను. ఫాక్స్‌డేల్ వైపు బోర్డు అంచున మూడంగుళాలు ఖాళీ ఉంచాను, అక్కడ తుప్పు పట్టిన పట్టా, ముళ్లపొదలు వస్తాయి. 1940 తర్వాత ప్యాసింజరు బండి అటు పోలేదు కాబట్టి, ఆ వైపుకి వైరింగ్ అక్కర్లేదు.